ముందు సీట్లో చెప్పిన కథ

పోయినవారం ఆండాలును మనం ఎల్.బి. నగర్‌లో, లాయరు జ్యోతిక ఆఫీసు మెట్ల మీద వదిలిపెట్టాం. వాన పడుతోంది. చేతిలో గొడుగున్నా విప్పాలన్న ధ్యాస ఆమెకు లేదు. రావలసిన స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ మీద హైకోర్టు స్టే ఇచ్చి నెల దాటింది. ఆమె దూరవిద్యలో చదివిన బి.ఏ. చెల్లదని కేసు వేసినవాడు సీనియారిటీ లిస్టులో ఆమె వెనకే ఉన్న దశరథ సార్. పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయం తన హద్దు దాటి హైదరాబాదులో పరీక్షలు పెడితే, ఆ డిగ్రీ ప్రమోషన్‌కు పనికిరాదన్నది ఆయన వాదం. అంతవరకూ కొత్తేమీ లేదు. ఇలాంటి కేసులు జిల్లాలో చాలామంది మీద ఉన్నాయి. కానీ కొత్తగా దాఖలైన అఫిడవిట్‌లో ఒక పేరా ఆమె కాళ్ళను మెట్లకు కట్టేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, పైన పెళ్ళి జరుగుతుండగా కింద ఆండాలు పరీక్ష రాసిందట. ఆ సంగతి ఆమే స్వయంగా తోటి టీచర్లతో చెప్పుకున్నదట.

"మేడం, నిజం చెప్పండి. మీరు ఎవరితోనన్నా గిట్ల అన్నరా?" అని జ్యోతిక అడిగింది.

అన్నది. చేతులు తిప్పుతూ, గొంతులు మార్చి, నవ్వుతూ నవ్విస్తూ అన్నది. అయితే ఆండాలు ఆ ఫంక్షన్ హాలు గడప ఎన్నడూ తొక్కలేదు.

ఈ ముడి విడాలంటే భిక్షపతి సార్ కారు సంగతి తెలియాలి.

పొద్దున్నే ఎల్.బి. నగర్ రింగురోడ్డు దగ్గర నిలబడి చూస్తే, విజయవాడ రోడ్డు పట్టి పోయే కార్లలో సగం టీచర్లవే అనిపిస్తుంది. కారు ఒకరిది, పెట్రోలు అందరిదీ. టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి బడి దగ్గర వాళ్ళు దిగిపోతుంటారు. భిక్షపతి సార్ కారుకు మాత్రం ఒక రూలు ఎక్కువ. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు కథ చెప్పాలి. ఆయన ఒకనాడు స్టీరింగ్ మీదే కునుకు తీసి హయత్‌నగర్ దగ్గర డివైడర్ ఎక్కించాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆనాటి నుంచి ఆయన మాట ఒకటే. "నిద్ర నా చేతుల లేదు. మీ నోట్ల ఉన్నది." వారానికొకరు చొప్పున ముందు సీటు ఎక్కి, ఊరి ముచ్చట్లో బడి ముచ్చట్లో చెబుతూ ఆయన కళ్ళు మూతపడకుండా కాపలా కాయాలి.

రెండేళ్ళ కిందట ఆండాలు వంతు మొదటిసారి వచ్చినప్పుడు, బుధవారం నాటికే ఆమె దగ్గర ముచ్చట్లు అయిపోయాయి. గురువారం ఏమీ తోచక, గీతక్క ఎప్పుడో మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పిన కథ ఎత్తుకుంది. గీతక్క అంటే ఆమెతో ఒకే ప్రైమరీ స్కూల్లో పనిచేసిన టీచరు. అదే విశ్వవిద్యాలయంలో, కానీ దిల్‌సుఖ్‌నగర్ స్టడీ సెంటర్ ద్వారా చదివింది. డిగ్రీల గొడవ ముదరకముందే ప్రమోషన్ తెచ్చుకుని వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "గా ఫంక్షన్ హాల్ ముచ్చట్ల నా పేరు బయటికి రానియ్యకే" అని మరీ చెప్పింది. పేరు రానివ్వకూడదు కదా అని ఆండాలు తన పేరు పెట్టి చెప్పింది. కాస్త ఉప్పూ కారమూ తగిలించింది. కారంతా నవ్వింది. స్నేహితురాలి పరువు కాపాడానన్న తృప్తితో ఆమె ఆ పూట బడి మెట్లెక్కింది.

ఇప్పుడు ఆమెను తొలుస్తున్న ప్రశ్న ఒక్కటే. ఆ రోజు కార్లో ఉన్నది భిక్షపతి సార్, శ్రీనివాస్ సార్, అంతే. దశరథ సార్ కారెక్కింది ఈ జూన్‌లో. మరి ఆ కథ కార్లోంచి దిగి కోర్టుదాకా ఎలా నడిచింది?

అవును, దశరథ సార్ కూడా అదే కారు. కేసు వేసినవాడూ, వేయించుకున్నదీ ఒకే బండిలో పోవడమేమిటని ఆండాలు భర్త తిరుపతి చంపాపేట్‌లోని తన ఆటో స్పేర్‌పార్ట్స్ షాపులో కూర్చుని నెల రోజులుగా ఆశ్చర్యపోతున్నాడు. భిక్షపతి సార్‌కు అందులో వింతేమీ కనపడలేదు. "కేసు కోర్టుల ఉంటది, సీటు కార్ల ఉంటది. రెండింటిని కలపకుండ్రి" అని తేల్చేశాడు. దాంతో వాళ్ళిద్దరూ రోజూ నమస్కారం పెట్టుకుని, వాన గురించి రెండు మాటలు మాట్లాడుకుని, దిగేటప్పుడు ఒకరి గొడుగు ఒకరికి అందిస్తున్నారు.

శుక్రవారం పొద్దున ఆండాలు ముందు సీటెక్కి బెల్టు పెట్టుకుంది. వారం వంతు ఆమెదే. సోమవారం కోర్టులో వాయిదా.

"ఇయ్యాల్టిసంది అబ్దుల్లాపూర్‌మెట్ల ఇంకొకామె ఎక్కుతది" అన్నాడు భిక్షపతి, గేరు మారుస్తూ. "ఎవరని అడగకుండ్రి. చెప్పొద్దన్నది. ఇగ ఆండాలు టీచర్, వారమంత నీ నోట్ల ముచ్చటే లేకపాయె. నిన్న చింతల్‌కుంట కాడ నా రెప్ప వాలింది, ఎర్కనా?"

"ఇయ్యాల చెప్త సార్. పాతదే. ఫంక్షన్ హాల్ల పరీక్ష రాసిన కత."

వెనక సీట్లో పేపరు చప్పుడు ఆగిపోయింది. అది దశరథ పక్కన కూర్చున్న శ్రీనివాస్ చేతిలోని పేపరు. ఆయన తండ్రి గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాడు. కొడుకు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా ఇంటి యాస మాత్రం వదల్లేదు.

"అదెందుకండీ ఇప్పుడు, పొద్దున్నే?" అన్నాడు ఆయన.

"సారుకు నిద్ర వస్తున్నదట" అంది ఆండాలు.

ఆమె రాత్రే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. బడిలో పిల్లలకు పాఠం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే టీచరు బోర్డు మీద కావాలనే ఒక తప్పు రాస్తుంది. పాఠం వచ్చిన పిల్లవాడు ఊరుకోలేడు. లేచి నిలబడి చెప్పేస్తాడు. పెద్దవాళ్ళయినా, టీచర్లయినా, ఆ గుణం పోదని ఆమె నమ్మకం.

"దిల్‌సుఖ్‌నగర్ల హాలు. మేం పైన రాస్తున్నం, కింద పెండ్లి నడుస్తున్నది" అని మొదలుపెట్టింది. "పన్నెండు కొట్టంగనే కిందికెళ్ళి బగారన్నం వాసన. నా పక్కాయన కలం పక్కకు పెట్టి ముక్కు ఎగబీలుస్తున్నడు…"

"కింద కాదు కదండీ! పెళ్ళి పైన, పరీక్ష కింద" అన్నాడు శ్రీనివాస్. "పైన బాల్కనీలోంచి పిల్లలు విసిరిన అక్షింతలు మీ పేపరు మీద పడ్డాయన్నారు. దులిపితే అపచారమేమోనని వాటి పక్కనుంచే రాశానన్నారు. అసలు రసమంతా…"

మాట అక్కడ తెగింది. తను ఏం చేశాడో ఆయనకే అర్థమైంది.

ఆండాలు వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూసింది. "మంచిగ యాదికున్నది సార్ మీకు. ఎక్కడెక్కడ చెప్పిండ్రు?"

"ఒక్కచోటేనండీ, ఒట్టు. పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో, టీ తాగేటప్పుడు. అందరూ నీరసపడి ఉంటే నవ్విద్దామని…"

"నా పేరుతోనే చెప్పిండ్రా?"

"పేరు లేకపోతే రక్తి కట్టదు కదండీ" అన్నాడు శ్రీనివాస్ దీనంగా.

ఆండాలుకు కోపం రావలసింది. రాలేదు. తాను చేసిందీ అదే కదా. పేరు లేని కథ ఎవరూ వినరు. ఆ క్యాంపులో దశరథ కూడా టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంటాడు. ముడి విడిపోయింది అనుకుంది. ఇంత చిన్న సంగతికా వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నాను అని కూడా అనుకుంది.

అప్పుడు దశరథ నోరు విప్పాడు. ఆ పొద్దున కారెక్కాక ఆయన మాట్లాడటం అదే మొదలు.

"పెండ్లి గాదు మేడం."

"ఏంది సార్?"

"పైన నడిచింది పెండ్లి గాదు. ఆడపిల్లకు చీరల ఫంక్షన్. మీరు పెండ్లన్నరని కోర్టు కాయితంల గూడ పెండ్లనే రాపిచ్చిన. అక్షింతలు పడుడు మాత్రం నిజమే."

ఆండాలు ఈసారి బెల్టు గుంజుకుంటూ పూర్తిగా వెనక్కి తిరిగింది. గీతక్క చెప్పింది చీరల ఫంక్షన్ అనే. పెళ్ళి అంటే నవ్వు ఎక్కువ వస్తుందని మార్చింది తాను. అది తాను తగిలించిన ఉప్పు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, శ్రీనివాస్‌కూ తెలియదు, భిక్షపతికీ తెలియదు. మరి ఈయనకు?

"మీకెట్ల తెలుసు?"

"నేనున్న గనుక."

భిక్షపతి కాలు బ్రేకు మీద పడింది. వెనక లారీ హారన్ మోత మోగించింది. సినిమా స్టూడియో చూడబోయే జనంతో నిండిన టూరిస్టు బస్సొకటి వీళ్ళను దాటుకుని పోయింది. "నిద్ర పోయింది నాకు" అన్నాడాయన. "చెప్పు దశరథా, చెప్పు."

దశరథ ఒళ్ళోని బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగుతూ చెప్పాడు. "నేను గూడ ఆ సెంటర్లనే చేరిన. మొదటి ఏడు పరీక్షలు. పేపరు మీద అక్షింతలు పడ్డయి. మీ కతల ఉన్నట్టు పక్కకెళ్ళి రాయలే నేను, దులిపేసిన. దులిపినంక మనసుల పడ్డది. పైన డి.జె. కొడుతుంటె, కింద చాయ్ బల్లల మీద కూసోబెట్టి రాపిస్తున్నరు, రేపు సర్కారు దీన్ని పరీక్ష అంటదా? మిగిలిన పేపర్లు రాయలే. ఇక్కడి యూనివర్సిటీల మళ్ళ మొదటికెళ్ళి చేరిన. పోయినసారి ప్రమోషన్లు వచ్చేసరికి నా డిగ్రీ ఇంకా చేతికి రాలే. ఆ హాల్ల రాసినోళ్ళు నా ముందటనే ఎక్కిపోయిండ్రు. నేను నోరు మూసుకున్న. ఈసారి గూడ అదే హాలు నా ముందట నిలబడితె ఎట్ల ఊకుంటం మేడం? మీ మీద నాకు పగ లేదు. ఆ బల్లల మీద ఉన్నది పగ."

భిక్షపతి వైపర్ల జోరు పెంచాడు. నెల రోజులుగా ఆండాలు ఈయనను మనసులో ఎన్ని పేర్లు పెట్టి తిట్టుకున్నదో ఆమెకే తెలుసు. ఓర్వలేనివాడు అనుకుంది. పక్కవాడి విస్తరిలోకి తొంగిచూసేవాడు అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆయన కోపం న్యాయంగానే ఉంది. కాకపోతే తప్పు గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, నేను ఆ హాల్ల రాయలే" అంది.

"మీరే చెప్పుకుంటిరి గద?"

"ముందు సీట్ల కూసుంటె చెప్పాలె గద. నాకు కతలు రావు. అరువు తెచ్చుకున్న. నేను చేరుతనన్నప్పుడు మా మామ జంగయ్య ఒకటే మాట అన్నడు. మొక్కు ఏ గుడిల ఉంటె ఆ గుడికే పోవాలె, బజార్ల పటం పెట్టి మొక్కితె తీరుతదా అన్నడు. నేను రైలెక్కి ఆ ఊరికే పోయిన. యూనివర్సిటీ బిల్డింగుల రాసిన. మా అత్త నా బిడ్డను ఎత్తుకుని బయట వరండాల కూసునేది. బిడ్డ ఏడ్పు వినబడితె నాకు హిస్టరీ తారీఖులు అన్ని మరిచిపోయేటియి." ఆమె బెల్టు సర్దుకుంది. "నేను అక్కడనే రాసినట్టు కాయితం ఇయ్యుమని అడిగితె వాళ్ళు ఇంకా జవాబు పంపలే. పంపేలోపట సోమవారం వస్తున్నది."

దశరథ బ్యాగు జిప్పు వదిలేశాడు. "నమ్ముతున్న" అన్నాడు.

"అంత తొందరగ ఎట్ల నమ్మితివయ్యా?" అన్నాడు భిక్షపతి.

"ఆ హాల్ల నా కుడిపక్కన ఒకామె కూసున్నది సార్. ఎడమ చేత్తో రాసేది. నాదేమో కుడి చెయ్యి. ఉన్నది జానెడు బల్ల. ఆమె మోచెయ్యి వచ్చి నా మోచెయ్యికి గుద్దుకునుడు, ఇద్దరి అక్షరాలు వంకర పోవుడు. మొకం యాదికి లేదు, మోచెయ్యి యాదికున్నది. అక్షింతల పక్కకెళ్ళి రాసింది ఆమెనే. క్యాంపుల కత వినంగనే ఆమె మీరే అనుకున్న. అప్పటికి మీరు నాకు పేరు తప్ప తెల్వదు. జూన్ల కారెక్కినంక చూస్తె మీరు కుడిచేత్తోని టిఫిన్ తింటున్నరు. తినుడు అందరు కుడిచేత్తోనే తింటరు గద అని ఊకున్న."

శ్రీనివాస్‌కు నవ్వు ఆగలేదు. ముక్కులోంచి వచ్చేసింది.

"నవ్వకు మాస్టారూ" అన్నాడు భిక్షపతి. "నీ నవ్వే దీన్ని హైకోర్టుదాకా తోలుకపోయింది."

ఎడమ చెయ్యి అన్న మాట వినగానే ఆండాలు కళ్ళముందు ఒక చెయ్యి మెదిలింది. నల్లబల్ల మీద కుడి అంచు నుంచి మొదలుపెట్టి బొమ్మలు గీసే చెయ్యి. సుద్దముక్క పట్టుకున్న గీతక్క ఎడమ చెయ్యి. ఆమె గబుక్కున ముందుకు తిరిగి రోడ్డు వైపు చూసింది.

పెద్ద అంబర్‌పేట్‌లో శ్రీనివాస్ దిగాడు. దిగి కిటికీలోంచి వంగి, "వచ్చే వారం ముందు సీటు నాది. నేను మాత్రం మా ఇంట్లో పిల్లి గురించి తప్ప ఇంకేం చెప్పనండీ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తలుపు మెల్లగా వేసి, పేపరు తలమీద కప్పుకుని బడి వైపు పరుగెత్తాడు.

కారు కదిలాక దశరథ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మేడం, ఆ కత ఎవరిదో చెప్పుండ్రి. సోమవారం నేనే వకీలుకు చెప్పి మీ మీది కేసు ఎనకకు తీసుకుంట. ఎవరి మీద వెయ్యాల్నో వాళ్ళ మీద వేస్త."

జ్యోతిక అన్నదీ అదే. "కథ ఎవరిదో పేరు చెప్పండి మేడం, మిగిలింది నేను చూస్కుంట" అన్నది. ఒక్క పేరు. అది ఆండాలు నాలుక చివరనే ఉంది. చెబితే హయత్‌నగర్ హైస్కూల్లో ఖాళీగా ఉంచిన పోస్టు ఆమెది. సోషల్ పాఠం చెప్పడానికి తొమ్మిదో తరగతి, గోడకు పెద్ద ఇండియా పటం. ఆ స్కూల్‌ను ఆమె ఇప్పటికే ఒకసారి గేటు బయట నిలబడి చూసి వచ్చింది. ఆ సంగతి తిరుపతికి కూడా చెప్పలేదు.

చెబితే గీతక్క కిందికి దిగాలి. ఆరేళ్ళుగా హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి మళ్ళీ ప్రైమరీ స్కూలుకు రావాలి. ఆమె డిగ్రీ నిజంగానే ఆ హాల్లో వచ్చింది. న్యాయం చూస్తే దశరథదే. కానీ తన కూతురు వర్షకు డెంగీ వచ్చి దవాఖానలో ఉన్నప్పుడు, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని, పై అధికారి వస్తే "ఆండాలు ఇప్పుడే ఎల్లింది సార్" అని ఆ పోయిన గొంతుతోనే బుకాయించిన మనిషి గీతక్క. ఆ గొంతును ఇప్పుడు కోర్టుకు అప్పగించాలా?

"చెప్పను సార్" అంది ఆండాలు.

"పేరు లేకపోతె కత మీదే అనుకుంటది కోర్టు."

"అనుకోనియ్యుండ్రి. నేను రాసిన ఊరు నాకు తెల్సు. యూనివర్సిటీకి నేనే పోత, జవాబు తెచ్చుకుంట. ఆలస్యమైతె కానియ్యుండ్రి."

"ఆలోగ పోస్టు పోతది."

"పోతది" అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఆశ్చర్యంగా ఆకలేసింది. పొద్దున టీ కూడా సరిగా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

దశరథ వెనక్కి వాలిపోయాడు. ఆయన ముఖంలో కోపం లేదు. చిక్కు లెక్క ముందు కూర్చున్నవాడి చూపు ఉంది. "మొకం ఒక్కటి యాదికొస్తె మీరు చెప్పే అవసరం గూడ లేకుండె" అన్నాడు తనలో తాను.

అబ్దుల్లాపూర్‌మెట్ బస్టాపు కనబడింది. భిక్షపతి కారు పక్కకు తీశాడు. షెల్టర్ కింద జనంలోంచి ఒక గొడుగు ముందుకు కదిలింది. గొడుగు పైకి లేచింది.

"ఏమే ఆండాలూ! మొకం గిట్ల పెట్టినవు, దయ్యాన్ని చూసినట్టు?" అంటూ గీతక్క కిటికీ మీద వేళ్ళతో కొట్టింది. "ఇటు దిక్కు హైస్కూల్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. తుర్కయంజాల్ ఇంటికాడికెళ్ళి మా ఆయన బండి మీద ఇక్కడ దింపిపోతడు. నీకు చెప్పొద్దని సారుకు నేనే ఒట్టు పెట్టిన. ముందు సీటు నాదే గానీ, ఇయ్యాల్టికి కూసోపో."

"అక్కా…" అంది ఆండాలు.

దశరథ మర్యాదగా దిగి, "నేను ముందట దిగేటోణ్ణి, మీరు లోపలికి జరుగుండ్రి మేడం" అన్నాడు. గీతక్క లోపలికి జరిగి కూర్చుంది. ఆయన మళ్ళీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇప్పుడు ఆమె ఆయనకు కుడిపక్కన ఉంది.

ఇదంతా ఆండాలు అద్దంలో చూస్తోంది. అక్కా, చేతులు కదపకు అని ఎలా చెబుతారు ఎవరైనా?

"కొత్త స్కూల్ కదా, నోరు తీపి చేసుకోండ్రి" అంటూ గీతక్క స్వీటు డబ్బా తెరిచింది. తడిసిన గొడుగును కుడిచేత్తో కాళ్ళ దగ్గర ఒత్తి పట్టుకుని, రెండో చేత్తో ఒక దూద్‌పేడ తీసి పక్కకు చాపింది. మోచెయ్యి వెళ్ళి పక్కాయన మోచెయ్యికి తగిలింది.

"అయ్యో, ఎడమ చెయ్యి, ఏమనుకోకండ్రి సార్" అంది నవ్వుతూ. "చిన్నప్పటిసంది నాకు అన్నిటికి ఇదే ముందు లేస్తది."

దశరథ దూద్‌పేడ అందుకోలేదు. మెల్లగా, ఎప్పటిదో దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నవాడిలాగా, తన కుడి మోచెయ్యి తడుముకున్నాడు.